కాగితం మూలన నంబరు

చెల్లెలు రేఖకు ఒడిబియ్యం పోసే శుక్రవారం నాడు ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచింది స్వర్ణలత. ఐదు సేర్ల బియ్యం చెరిగి, రాళ్ళు ఏరి, పసుపూ నెయ్యీ వేసి, ఒక్క గింజ కూడా తెల్లగా మిగలకుండా రెండు చేతులా రుద్దింది. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు తాంబాళంలో సర్దింది. చెల్లెలు కట్టుకున్న ఆకుపచ్చ చీర కూడా ఆమె జీతంతో కొన్నదే. ఇంతా చేసి, తాంబాళం ఎత్తుకుని వాకిట్లోకి వచ్చేసరికి మేనత్త ఈరమ్మ ఎదురొచ్చి చేతులు చాపింది.

"ఇటియ్యి బిడ్డా. నువ్వు జర లోపలుండు."

గట్టిగా లాక్కోలేదు. పసిపిల్ల చేతిలోంచి కత్తి తీసుకున్నంత మెత్తగా తీసుకుంది. గట్టిగా లాక్కుని ఉంటే తిరిగి ఒక మాట అనొచ్చు. మెత్తగా తీసుకుంటే ఏమనాలో స్వర్ణలతకు తోచలేదు.

ఒడిబియ్యం పోసేది ముత్తైదువలు. మొగుడు పోయినవాళ్ళు పోయకూడదు. స్వర్ణలత మొగుడు నిక్షేపంగా ఉన్నాడు, రెండో పెళ్ళాంతో కొత్తూరు దగ్గర ఇల్లు కూడా కట్టుకున్నాడు. కాకపోతే కులపెద్దల ముందు ఇడుపు కాయితం రాసుకుని విడిపోయారు. అలాంటి ఆడదాన్ని ఎటు కూర్చోబెట్టాలో ఈరమ్మకు ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకని వంటింట్లోకి పంపింది.

గడపకు ఇవతల నిలబడి స్వర్ణలత చూసింది. పీటల మీద రేఖ, పక్కన ఆమె మొగుడు. రేఖ కొంగు పట్టుకుని కూర్చుంటే ఐదుగురు ఆడవాళ్ళు ఒకరి తరువాత ఒకరు దోసిళ్ళతో బియ్యం పోస్తున్నారు. కొంగు బరువెక్కుతుంటే రేఖ నవ్వుతూ మోకాళ్ళు దగ్గరికి జరుపుకుంది.

"మళ్ళ యేటికి ఈ ఒళ్ళె పిలగాడు ఆడాలె," అంది ఈరమ్మ.

స్వర్ణలత చేయి తెలియకుండానే తన పొత్తికడుపు మీదికి పోయింది. పచ్చటి వేళ్ళ గుర్తులు చీర మీద పడ్డాయి. చప్పున చేయి తీసేసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ తల్లి రుక్మిణమ్మ అన్నం వారుస్తోంది.

"మొకం గట్ల పెట్టకు," అంది రుక్మిణమ్మ గంజి వంచుతూనే. "ఐతారం రాఘవేందర్ తల్లి వస్తున్నది నిన్ను అడగనీకె. మారుమనువైనా మంచిగ చేస్త. అప్పుడు గీ ఈరమ్మనే పిలిచి నీకు పోయిపిస్త ఒడిబియ్యం."

"అమ్మా, అతనికి చెప్తనే."

రుక్మిణమ్మ గిన్నె కింద పెట్టింది. "ఏం చెప్తవ్?"

"సంచి తీసేసిన సంగతి."

"నోరు ముయ్యి." తల్లి వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. "ఊరందరికి అపెండిక్స్ అని చెప్పినం. మూడేండ్లాయె, ఎవ్వరికి తెల్వదు. పెండ్లి కానియ్యి, తర్వాత చూసుకుందం. మంచి పిలగాడే వాడు. దవాఖానకు పోయిన దినం నువ్వు నొప్పికి మెలికలు తిరుగుతుంటే, వాడే ఫోన్ చేసి మనకు బెడ్డు ఇప్పిచ్చిండు. యాదికి లేదా?"

యాదికి లేకేం. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ బెడ్డు మీద పడుకున్నది ఆమే కదా. అంత మంచివాణ్ణి మోసం చేయమంటున్నావేమే అమ్మా అని అడగాలనిపించింది. కానీ వాకిట్లో నవ్వులు వినిపిస్తున్నాయి. చెల్లెలి శుభకార్యం చెడగొట్టడం ఎందుకని ఊరుకుంది.

శనివారం తెల్లారి స్టాఫ్ బస్సు ఎప్పటిలా మైసమ్మ గద్దె దగ్గర ఆగింది. ఎయిర్‌పోర్టు తోటల్లో పనిచేసే ఆడవాళ్ళను ఎక్కించుకుపోయే మినీ బస్సు అది. దాని డ్రైవరే రాఘవేందర్. డ్రైవరు వెనక సీటు మీద స్వర్ణలత కోసం ఒక సీతాఫలం పెట్టి ఉంటుంది. అది ఉన్నంతసేపూ ఆ సీట్లో ఎవరూ కూర్చోరు. అందరికీ తెలిసిన రహస్యమే. ఈ ఇద్దరికి మాత్రం ఇంకా ఎవరికీ తెలియదని నమ్మకం.

"ఇయ్యాల్టిది మంచిగ పండింది," అన్నాడు అతను అద్దంలోంచి. "గింజ నాకంటె దూరం ఊస్తవా?"

"నువ్వు ఎన్నడు గెలిచినవ్?"

"ఐదో తరగతిల ఒక్కసారి."

"అప్పుడు నాకు పన్ను ఊడింది. అది గెలుపు కాదు."

వెనక సీట్లో తోటి కూలీ పోచమ్మ పకపకా నవ్వింది. స్వర్ణలత కూడా నవ్వింది. నవ్వుతూనే టిఫిన్ సంచిలో చేయి పెట్టి, అడుగున మడతపెట్టిన దవాఖాన కాగితాన్ని తడిమి చూసుకుంది. ఈరోజు చెప్పెయ్యాలి. రేపటికి చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేదు. చెబితే ఈ సీటు మీద పండు ఉండకపోవచ్చు. పన్నెండేళ్ళప్పుడు బడితో పాటు పోగొట్టుకున్న ఈ నేస్తం ఇరవై ఐదేళ్ళకు దొరికింది. మళ్ళీ పోగొట్టుకోవాలంటే ఆమెకు ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంది.

నర్సరీలో పని ఎర్రమట్టీ, పేడ ఎరువూ కలిపి నల్ల సంచుల్లో నింపడం. సంచిని రెండుసార్లు నేలకేసి తట్టాలి, మూడోసారి తడితే మట్టి గట్టిబడి వేరు పోదు. స్వర్ణలత చేతికి ఆ లెక్క వచ్చేసింది. రంగురంగుల పూలమొక్కల వరసల చివర, సూపర్‌వైజరు కంట పడకుండా, ఆమె సీతాఫలం గింజలు నాటిన సంచులు పది పదిహేను ఉన్నాయి. కొన్ని జానెడు లేచాయి. తల మీది నుంచి విమానం దిగుతుంటే మాట ఆపి, అది పోయాక మళ్ళీ అక్కడి నుంచే అందుకోవడం ఇక్కడి వాళ్ళందరికీ అలవాటు.

పదకొండు గంటలకు ఆమెకు ఆవిర్లు వచ్చాయి. కార్తీక మాసపు చల్లగాలిలో, మెడ దగ్గర మొదలై ముఖమంతా మంట ఎక్కింది, రవిక తడిసిపోయింది. కొంగుతో తుడుచుకుంటుంటే పోచమ్మ పక్కన కూర్చుంది. ఆమెకు అరవై దాటి ఉంటాయి.

"నాకు యాభై దాటినంక వచ్చినయే గీ ఆవిర్లు. నీకిప్పుడే ఏందే?"

"ఎండకు అవ్వా."

"ఎండెక్కడిది?" పోచమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఇంకేం అడగలేదు. తన సీసాలో నీళ్ళు ఆమె మెడ మీద పోసింది.

మధ్యాహ్నం అన్నాల వేళ మహిళా సంఘం కార్యకర్త స్వరాజ్యం వచ్చింది. వారానికోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా ఇదే అడుగుతుంది. హైవే పక్కన మూడంతస్తుల నర్సింగ్ హోంలో గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని.

"కడుపునొప్పని పోతే చాలు, క్యాన్సర్ అయితదని బెదిరిచ్చి తీసేస్తున్నరు. ఇరవై ఏండ్ల పిల్లలకు సుత! కలెక్టరాఫీసు సార్లను అడిగితె నోటిమాట చెల్లదు, కాయితాలు తెమ్మంటున్నరు. పది మందివన్న తెస్తె ఎంక్వైరీ ఏస్తరంట. నాకు ఇప్పటిదాక ఒక్కటి దొరకలె. అందరు సిగ్గుపడుతున్నరు. కోసినోనికి లేని సిగ్గు మనకెందుకమ్మా?"

స్వర్ణలత టిఫిన్ సంచిని దగ్గరికి లాక్కుంది. కాగితం ఆమె మోకాలికి తగులుతూనే ఉంది.

రెండింటికి డ్యూటీ అయ్యాక రాఘవేందర్ అందరినీ ఊళ్ళ దగ్గర దించుతూ వచ్చాడు. మైసమ్మ గద్దె దగ్గర స్వర్ణలత దిగలేదు.

"షెడ్డు దాక వస్త. నీతోని పని ఉంది."

అతని ముఖం వెలిగిపోయింది. పాపం, రేపటి పెళ్ళిమాటల సంగతి అనుకున్నాడు. షెడ్డు దగ్గర బస్సు ఆపి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, పైపు పట్టుకుని చక్రాలు కడగడం మొదలుపెట్టాడు. చేతిలో పని ఉంటే తప్ప అతను మాట్లాడలేడు, చిన్నప్పటి నుంచీ అంతే.

"మా అమ్మ చీర గూడ తెచ్చింది నీకు. రంగు చెప్పొద్దన్నది."

"రాఘవా, నాకు పిల్లలు కారు."

పైపులో నీళ్ళు చక్రం మీది నుంచి జారి నేల మీద పడుతున్నాయి.

"కారంటె... మందులు వాడుదం. పట్నంల పెద్ద డాక్టర్లు..."

"మందులకు కాదు. సంచే లేదు నాకు. కడుపునొప్పని పోయిన గదా, అప్పుడు తీసేసిండ్రు. క్యాన్సర్ అయితదని చెప్పిండ్రు. నా మొగడు సంతకం పెట్టిండు. ఆర్నెల్లకు ఆయనే పిల్లలు కాని దానితో ఎట్ల బతకాలె అని ఇంట్ల కొట్లాడి, పెద్దల ముంగట మాత్రం మనసు కలుస్తలేదని ఇడుపు కాయితం రాపిచ్చిండు." గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "మా అమ్మ చెప్పొద్దన్నది. నీతోని అబద్ధమాడి నీ ఇంటికి రాలేను. ఇగ నీ ఇష్టం."

నీళ్ళు అతని పాదాల మీది నుంచి పారుతున్నాయి. పైపు కట్టెయ్యాలని కూడా తోచలేదు అతనికి.

"ఏ దవాఖాన?" అన్నాడు చివరికి.

"ఏ దవాఖాన ఏంది? హైవే పక్కన, నువ్వు ఫోన్ చేసి బెడ్డు ఇప్పిచ్చిందే."

సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. మూడేళ్ళ కిందటి తేదీ, ఆమె పేరు, వయసు, కింద ఇంగ్లీషులో గొలుసుకట్టు రాత. అతను తడి వేళ్ళను చొక్కాకు తుడుచుకుని అందుకున్నాడు. చదువుతున్నవాడు పై మూల దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఎర్ర పెన్నుతో నాలుగంకెలు రాసి, చుట్టూ సున్నా చుట్టి ఉంది. 4172.

"గిది ఎవరు రాసిండ్రు?"

"ఏమో. ఫైలు నంబరు కావచ్చు."

అవునని అతను తలూపితే సరిపోయేది. ఆమెకు తెలియదు, చెప్పేవాళ్ళెవరూ లేరు. రేపు తల్లి చీర తీసుకుని వస్తుంది, పిల్లలు లేకపోయినా నాకు నువ్వు చాలు అని అతను ఒక్క మాట అంటే స్వర్ణలత జీవితాంతం అతన్ని దేవుణ్ణి చూసినట్టు చూస్తుంది. అదంతా రాఘవేందర్ ముఖంలో ఆమెకు అప్పుడు కనిపించలేదు. అతను వంగి పైపు కట్టెయ్యడం మాత్రం కనిపించింది.

"ఫైలు నంబరు కాదు సొర్ణా. నా ఆటో నంబరు."

స్వర్ణలతకు అర్థం కాలేదు.

"అప్పుడు ఆటో నడిపేటోణ్ణి గదా. కేసు ఎవరు పంపితె వాళ్ళ ఆటో నంబరు మూలకు రాస్తరు. నెలాఖరుకు లెక్క చూసి కవర్ల పైసలు పెట్టి ఇస్తరు. అడ్డా మీద అందరం తీసుకునేటోళ్ళం." అతను బస్సుకు ఆనుకున్నాడు. "మీ అమ్మ అడిగితె మంచి దవాఖాన అని నేనే చెప్పిన. ఫోన్ చేసి, నా కేసు వస్తుందని చెప్పిన. అందుకే బెడ్డు దొరికింది. ఆ నెల కవర్ల నీది సుత ఉండె."

"వాళ్ళేం చేస్తరో తెల్వదా నీకు?"

"తెల్వదు. అమ్మతోడు తెల్వదు. ఏందో చిన్న ఆపరేషన్ అనుకున్న." నేల వైపు చూస్తూ అన్నాడు, "అడగలె గూడ. అడిగితె కవరు బంద్ అయితదని అడగలె."

ఆమె కాగితం లాక్కుంది. గేటు దాకా నడిచింది. కోసినవాడి మీద కోపం మూడేళ్ళ నుంచి ఉంది, దానికి అలవాటు పడింది. సంతకం పెట్టినవాడి మీద అసహ్యం ఉంది, దానికీ అలవాటు పడింది. కానీ ఈ మనిషి పేరు తలుచుకునే కదా ఆ మంచం మీద ధైర్యం తెచ్చుకుంది. గేటు పట్టుకుని నిలబడి వెనక్కి తిరిగింది.

"ఎంత మందిని పంపినవ్?"

"పందొమ్మిది మందిని. నీతోని ఇరవై."

"పేర్లు?"

"పేర్లు తెల్వయి. ఇండ్లు తెలుసు. తీసుకపోయేటప్పుడు, తీసుకొచ్చేటప్పుడు వాకిట్ల దించినోణ్ణి గదా."

ఆమె వెళ్ళిపోయింది. ఇంటికి పోయి, ముందురోజు మిగిలిన పసుపు బియ్యం డబ్బాలోకి ఎత్తింది, గిన్నెలు తోమింది, వాకిలి ఊడ్చింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. రేపటికి ఇంట్లో అందరికీ సరిపడా చాయ్ గ్లాసులు లేవని రుక్మిణమ్మ పక్కింటికి పోయింది. పొద్దుగూకే వేళ స్వర్ణలత ఫోన్ తీసి రాఘవేందర్‌కు చేసింది.

"రేపు మీ అమ్మను రావొద్దను."

"సరే," అన్నాడు, వినపడీ వినపడకుండా.

"నువ్వు రా. పొద్దున ఏడింటికి. బస్సు కాదు, ఆటో తీసుకొని రా. ఏ ఆటో అంటున్ననో తెలుసు గదా."

ఆ ఆటోను అతను రెండేళ్ళ కింద అడ్డా మీది లక్ష్మణ్‌కు అమ్మేశాడు. ఆదివారం పొద్దున అడిగి తెచ్చినట్టున్నాడు, ఏడు కాకముందే వాకిట్లో నిలబడింది. చాయ్ గ్లాసులు కడుగుతున్న రుక్మిణమ్మ నోరు తెరిచేలోపే స్వర్ణలత ఎక్కి కూర్చుంది.

"జల్‌పల్లి దిక్కు నువ్వు పంపినోళ్ళ ఇండ్లు ఉన్నయా?"

"నాలుగున్నయి."

"పోనియ్యి. ప్రతి ఇంటి ముంగట దిగి నువ్వే చెప్పాలె. నంబరు సంగతి, కవరు సంగతి, అంతా. నేను తర్వాత మాట్లాడత."

మొదటి ఇంట్లో కవిత అనే ఆమె వాకిట్లో కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతోంది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, లేవడానికి నడుము పట్టుకుని గోడ ఆసరా తీసుకుంది. రాఘవేందర్‌ను చూసి గుర్తుపట్టి ముఖమంతా నవ్వింది.

"అన్నా, నువ్వా! నడవరాకుంటె ఆ దినం లోపలిదాక పట్టుకొని తీసుకపోయినవ్. నీ కడుపు సల్లగుండ అని ఎన్నిసార్లు అనుకున్ననో."

స్వర్ణలత ఆటోలోంచి చూస్తోంది. అతను చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి ఆటో వైపు తిరిగి చూశాడు. తిరిగి వచ్చేస్తాడేమో అనుకుంది. రాలేదు. చెప్పాడు. అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ కవిత చేతిలో కొత్తిమీర కట్ట అలాగే ఉంది. చెప్పడం అయ్యాక ఆమె అరవలేదు, తిట్టలేదు. ఆ తడి కట్టను అతని ముఖాన కొట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

అప్పుడు స్వర్ణలత దిగి వెళ్ళి పక్కన కూర్చుంది. "అక్కా, నాది గూడ గదే దవాఖానల తీసిండ్రు," అంది. ముక్కూమొహం తెలియని మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. చెప్పాక తన గొంతు తనకే తేలిగ్గా వినిపించింది. ఇద్దరూ మెల్లగా మాట్లాడుకున్నారు. ఆవిర్ల గురించి, నడుము నొప్పి గురించి, పడుకుంటే నిద్ర పట్టకపోవడం గురించి. గంట తరువాత కవిత లోపలికి పోయి బియ్యం గుమ్మిలోంచి ఒక ఫైలు తీసుకొచ్చింది. మూలన ఎర్ర పెన్నుతో అదే నంబరు.

స్వర్ణలత సంచి తెచ్చుకోలేదు. కొంగు పట్టింది. కవిత ఫైలును రెండు చేతులతో అందులో పెట్టింది.

రెండో ఇంట్లో అత్త తలుపు తియ్యలేదు. మూడో ఇంటి ఆమె ఏడ్చి ఏడ్చి కాగితం ఇచ్చింది. నాలుగో ఇంట్లో మొగుడు రాఘవేందర్ చొక్కా పట్టుకుని చెంప పగలగొట్టాడు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆ మొగుడే లోపలికి పోయి ఫైలు తెచ్చి స్వర్ణలత కొంగులో వేశాడు. బడంగ్‌పేట్ దగ్గర కొత్త కాలనీలో ఇంకొకటి. అక్కడి నుంచే స్వరాజ్యానికి ఫోన్ చేసింది. "పది కావాలన్నవ్ గదక్కా. నాతోని ఐదైనయి," అంటే అవతల ఆమె మాటలు తడబడ్డాయి.

తిరిగి వస్తుంటే ఎండ తగ్గింది. ఆటోలో గాలికి కాగితాలు ఎగరకుండా స్వర్ణలత మోకాళ్ళు దగ్గరికి జరుపుకుని, కొంగును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మొన్న రేఖ ఎలా కూర్చుందో అలాగే. ఒళ్ళో బరువు ఉంది. మూడేళ్ళలో మొదటిసారి తన ఒడిని చూసుకుంటే ఆమెకు ఏడుపు వచ్చింది, ఈసారి ఆపుకోలేదు.

రాఘవేందర్ అద్దంలో చూసి ఆటో పక్కకు తీసి ఆపాడు. అతని చెంప వాచి ఉంది. వెనక్కి తిరగలేదు.

"అమ్మ పొద్దటి సంది అడుగుతున్నది," అన్నాడు. "ఇగ రావొద్దని చెప్పాల్నా, ఇంకోనాడు రమ్మనాల్నా అని."

స్వర్ణలత కళ్ళు తుడుచుకుంది. ఈ మనిషి మీద కోపం పోలేదు. ఎన్నాళ్ళకు పోతుందో, అసలు పోతుందో లేదో తెలియదు. కానీ ఐదు వాకిళ్ళలో చెప్పులు విప్పి నిలబడ్డ మనిషిని ఆమె కళ్ళారా చూసింది. నిన్న షెడ్డులో తలూపి తప్పించుకోగలిగి కూడా తప్పించుకోని మనిషి.

"ఇంకెన్ని ఇండ్లున్నయి?"

"పద్నాలుగు."

"పదిహేను," అంది ఆమె. "ఆఖరిది మా ఇల్లు. నువ్వు బెడ్డు ఇప్పిచ్చినవని మా అమ్మ ఇప్పటిదాక నిన్ను మొక్కుతున్నది. మా వాకిట్ల నిలబడి ఆమెకు సుత నువ్వే చెప్పాలె. ఆ తర్వాత గూడ ఆమె రమ్మంటె, మీ అమ్మను తీసుకరా."

అతను తలూపాడు. ఆటో స్టార్ట్ చేశాడు.

"రాజేంద్రనగర్ దిక్కు ఒకటుంది. పొద్దు పోకముందే అయితది," అన్నాడు.

"పోనియ్యి," అంది స్వర్ణలత, కొంగు గట్టిగా పట్టుకుని.